బందరులో మూడు రోజులు: ఏ వేళకు ఎక్కడ ఉండాలి

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్ నుంచి నలుగురు వస్తున్నారు: మీరు, మీ ఆవిడ, కూచిపూడి నేర్చుకుంటున్న తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు. డిసెంబరులో మూడు రోజులు సెలవు దొరికింది. విజయవాడలో గది తీసుకుని, ఒక రోజు మచిలీపట్నం వచ్చి బీచ్, కలంకారీ చూసుకుని వెళ్లిపోతే సరిపోతుందా, లేక అక్కడే ఉండాలా? నిజమైన కలంకారీని ఎలా గుర్తుపట్టాలి? మడ అడవుల దాకా అమ్మగారిని తీసుకెళ్లొచ్చా?

ముందు మొదటిదానికి చెబుతాను. మచిలీపట్నంలోనే, అంటే మా బందరులోనే ఉండండి, రెండు రాత్రులు. మిగతా సలహాల్లో ఏది పాటించినా పాటించకపోయినా ఈ ఒక్కటి మాత్రం వినండి.

నేను పుట్టి పెరిగింది బందరులోనే. ముప్పై ఏళ్ల టీచరు ఉద్యోగంలో పంతొమ్మిదేళ్లు పెడనలో చేశాను. మా ఇంటికి వచ్చిన చుట్టాలను, మా పిల్లల స్నేహితులను, వాళ్ల అమ్మానాన్నలను ఇన్నేళ్లుగా తిప్పుతూనే ఉన్నాను. అందులో నేను గమనించింది ఒకటుంది. బందరులో ఏమీ లేదన్నవాళ్లు దాదాపు అందరూ మిట్టమధ్యాహ్నం వచ్చినవాళ్లే. విజయవాడ నుంచి 70 కిలోమీటర్లు. అక్కడ టిఫిన్ తిని తీరిగ్గా బయల్దేరితే ఇక్కడికి చేరేసరికి పదకొండవుతుంది. అప్పటికి గిలకలదిండిలో చేపల వేలం అయిపోయి ఉంటుంది. మంగినపూడిలో ఎండ మాడ్చేస్తూ ఉంటుంది. పెడనలో పొద్దున మొదలైన కలంకారీ అద్దకం పని అన్నం వేళకు ఆగుతుంది. కోనేరు సెంటర్లో ట్రాఫిక్ చూసి, ఓ కిలో లడ్డు కొనుక్కుని వెనక్కి తిరుగుతారు. ఇక్కడ చూడదగ్గవన్నీ పనులే. ఆ పని జరిగే వేళకు అక్కడ ఉంటేనే కనిపిస్తాయి. కాబట్టి ఎక్కడికి వెళ్లాలన్నదానికంటే ఏ వేళకు వెళ్లాలన్నదే నేను ఎక్కువగా చెబుతాను.

మొదటి రోజు మధ్యాహ్నానికి బందరు చేరుకోండి. సికింద్రాబాద్ నుంచి నేరుగా బందరుకు రాత్రి రైలుంది. లేదంటే విజయవాడ దాకా ఏ రైల్లోనైనా వచ్చి, బస్టాండు నుంచి బస్సెక్కితే రెండు గంటల చిల్లర. బస్సులకు కొదవ లేదు. హైదరాబాద్ నుంచి కారులో వస్తే దారి తప్పే ప్రసక్తే లేదు, పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ఆగిపోతుంది. పెద్ద పెద్ద హోటళ్లు ఊహించుకోకండి. శుభ్రంగా ఉండే మామూలు లాడ్జీలు, ఏసీ గదులు బస్టాండు, కోనేరు సెంటర్ చుట్టుపక్కల దొరుకుతాయి. అమ్మగారి కోసం లిఫ్టు ఉందా, లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా అని ఫోన్‌లోనే అడిగి ఖాయం చేసుకోండి. కార్తీక పౌర్ణమికి మాత్రం ఇక్కడ గదులు దొరకవు. సముద్ర స్నానాలకు జనం లక్షల్లో వస్తారు. డిసెంబరుకు ఆ రద్దీ ఉండదు. తుపాను హెచ్చరిక ఉందేమో మాత్రం బయల్దేరే ముందు చూసుకోండి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు ఆ భయం ఉంటుంది.

ఆ సాయంత్రం ఊళ్లోనే తిరగండి. ముందుగా పాత పేటల పేర్లు పాపకు చెప్పండి. డచ్చివాళ్లను మనవాళ్లు వలందులన్నారు, వాళ్లున్న చోటు వలందపాలెం. ఫ్రెంచివాళ్లు ఫరాసులు, వాళ్ల పేట పరాసుపేట. ఇంగ్లిషుపాలెం ఎవరిదో చెప్పక్కర్లేదు. బందరు అన్న మాటే పారశీకం, రేవు అని అర్థం. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లిషువాళ్లు 1611లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. 1759లో ఇంగ్లిషువాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి కోటను పట్టుకున్నారు. అయినా ఊళ్లో ఫ్రెంచివాళ్ల చిన్న జాగా ఒకటి 1947 దాకా వాళ్లదిగానే మిగిలింది. ఇంతమంది ఇంత దూరం వచ్చింది ప్రధానంగా బట్ట కోసం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ తీరంలో అద్దిన బట్టలు పర్షియాకూ యూరప్‌కూ ఓడల్లో వెళ్లేవి. మర్నాడు మీరు పెడనలో చూడబోయే పనికి మూలం అదే. అందుకే ఈ పేటలు ముందు చూస్తే బాగుంటుందంటున్నాను.

డచ్చివాళ్ల శ్మశానం చూడటానికి అరగంట చాలు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. నల్లరాతి పలకల మీద వాళ్ల వంశ చిహ్నాలు, అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. 17వ శతాబ్దంలో ఎక్కడో పుట్టి ఇక్కడి ఉప్పుగాలికి, జ్వరాలకు పోయిన మనుషులు వాళ్లు. బందరు కోట మాత్రం పేరుకే కోట, పాడుబడిన కట్టడాలు మిగిలాయి. కార్లోంచి చూస్తే చాలు, అమ్మగారిని దింపి నడిపించొద్దు. ఇంత పెద్ద రేవు ఎందుకిలా అయిందని పాప అడగొచ్చు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 30,000 మంది చనిపోయారు. రేవు పూడిక, రైళ్ల రాక లాంటి కారణాలు వేరే ఉన్నా, ఆ దెబ్బ నుంచి ఊరు మళ్లీ మునుపటిలా లేవలేదు. ఇప్పుడు కొత్త పోర్టు కడుతున్నారు. మా తరంవాళ్లం దాని గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం కాబట్టి, పనులు జరుగుతుంటే చూడటం మాకు నిజంగా సంతోషం.

అక్కడి నుంచి చిలకలపూడి పాండురంగస్వామి గుడికి వెళ్లండి. మీ అమ్మగారికి ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఇదే గుర్తుండిపోతుంది. పండరిపురంలో లాగే ఇక్కడా స్వామి పాదాలను మనమే తాకి మొక్కుకోవచ్చు. చాలా గుళ్లలో దూరం నుంచి నాలుగు క్షణాల దర్శనానికి అలవాటుపడిన పెద్దవాళ్లు, ఇక్కడ వంగి పాదాల మీద రెండు చేతులూ పెట్టగానే కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. మా అత్తగారు ఆఖరి రోజుల్లో కూడా అక్కడికి తీసుకెళ్లమని అడిగేవారు. చిలకను సంస్కృతంలో కీరం అంటారు కాబట్టి దీన్ని కీరపండరిపురం అని కూడా పిలుస్తారు.

చిలకలపూడి అనగానే రోల్డ్ గోల్డ్ కూడా గుర్తొస్తుంది. రాగి లాంటి లోహం మీద పలచని బంగారు రేకును అతికించి, రోలర్ల మధ్య నొక్కి సాగదీసి, ఆ తీగతో గొలుసులు, గాజులు చేసేవారు. పేరు అలా వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా జరిగేది పైపూత, అంటే కవరింగ్. ఇది ఫ్యాక్టరీ పనిలా కనిపించదు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు వంటలు ముగించుకుని అరుగు మీద కూర్చుని కడియాలు కలపడం, రాళ్లు పొదగడం చేస్తుంటారు. పాప డాన్స్ నగలు కొనాలనుకుంటే ఇక్కడే కొనండి: పాపిట బిళ్ల, వంకీలు, వడ్డాణం. ఫలానా రోజుకు అరంగేట్రం అని చెబితే సెట్టు మొత్తం చూపిస్తారు. పూత ఎన్నాళ్లుంటుందని సూటిగా అడగండి. మంచి దుకాణదారు చెమటకు, సెంటుకు దూరంగా పెట్టమని తనే చెబుతాడు.

రెండో రోజు తెల్లవారుజామున లేవాలి. కష్టమే, కానీ లేవండి. మంగినపూడి బీచ్ ఊరికి 11 కిలోమీటర్లు. సూర్యోదయానికి అక్కడ ఉండేలా చూసుకోండి. వైజాగ్ బీచ్‌లా పసుపుపచ్చని ఇసుక, ఎగసిపడే అలలు ఉండవు. ఇక్కడ ఒడ్డున నల్లమట్టి, నీళ్లు లోతు తక్కువ, అలలు చిన్నవి. మొదటిసారి చూసినవాళ్లు కొందరు ఇదేం బీచ్ అంటారు. తెల్లవారాక ఓ పావుగంట నిలబడి చూడండి. తడిసిన ఆ నల్లమట్టి మీద వెలుగు పరుచుకుంటుంది, ఎర్రని పీతలు బొరియల్లోంచి బయటకొచ్చి మన అడుగు చప్పుడుకే లోపలికి పోతాయి. లోతు తక్కువ కదా అని పిల్లను ఒంటరిగా వదలొద్దు. మోకాలి లోతులో ఉన్నట్టే ఉండి గుంట తగులుతుంది. పండగ రోజుల్లో జరిగిన ప్రమాదాలు మేం మర్చిపోలేదు.

బీచ్ దగ్గర ఎనిమిది దాటి ఉండకండి. తిరిగొచ్చేటప్పుడు గిలకలదిండి హార్బర్ వైపు ఒక చూపు చూడొచ్చు, చేపల వాసన పడితేనే. ఇక్కడ పండుగప్ప, రొయ్యలు, పీతలు బాగుంటాయి. ఎప్పుడైనా వేసవిలో రావాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం.

ఇక పెడన. బందరు నుంచి పది కిలోమీటర్ల లోపే. తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండండి, మధ్యాహ్నం వరకు ఎక్కడికీ కదలకండి. మీ మూడు రోజుల్లో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వమనేది దీనికే.

కలంకారీ అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో నిజంగానే వెదురు కలంతో గీస్తారు. పెడనలో ఎక్కువగా టేకు అచ్చులతో అద్దుతారు. ఆ అచ్చులు చెక్కేవాళ్లూ ఇక్కడే ఉన్నారు. పర్షియా వాళ్లకు నచ్చేలా అప్పట్లో వేసిన తీగలు, పూల గుత్తులు, కొమ్మకొమ్మకూ పక్షులున్న చెట్టు ఇప్పటికీ ఆ అచ్చుల్లో ఉన్నాయి. మచిలీపట్నం కలంకారీకి జీఐ, అంటే భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది.

పని మొత్తం ఒక్క రోజులో ఒకే చోట కనబడదు. ఒక్కో బట్టకు చాలా రోజులు పడుతుంది. కానీ ఒక షెడ్డులో ఏదో ఒక దశలో ఉన్న బట్టలు ఎప్పుడూ ఉంటాయి. నేను బడి పిల్లలను తీసుకెళ్లినప్పుడు చూపించిన వరుస ఇది. ముందు తెల్ల నూలు బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరబెట్టి గంజి వదలగొడతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ముంచుతారు. ఎండాక బట్ట లేత పసుపు రంగుకు తిరుగుతుంది, కాస్త వగరు వాసన వస్తుంది. ఆ కరక్కాయ లేకపోతే తర్వాత ఏ రంగూ నిలవదు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. కుండ మూత తీస్తే ముక్కు పట్టుకోవాల్సిందే. ఆ నీళ్లు చూడటానికి నల్లగా ఉండవు. కరక్కాయ పట్టిన బట్టకు తగిలిన క్షణంలో నల్లబడతాయి.

ఎరుపు ఇంకా వింత. అద్దేటప్పుడు అచ్చుకు అంటించేది ఎరుపు కాదు, పటిక కలిపిన జిగురు. బల్ల మీద గోనెలు, దుప్పట్లు పరిచి మెత్తగా చేసి ఉంటారు. అద్దకం చేసే అతను అచ్చును రంగుపళ్లెంలో రెండుసార్లు తట్టి, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తాడు. కొలబద్ద ఉండదు, గీత ఉండదు. పాత అంచుకు కొత్త అంచును కంటి కొలతతో ఆనిస్తాడు. ఓ గంట చూస్తే ఆ చేతికి ఒక లయ ఉందని తెలుస్తుంది. పాపను ఆ బల్ల పక్కన కూర్చోబెట్టండి, దరువు తెలిసిన పిల్ల కాబట్టి త్వరగా పట్టేస్తుంది. పటిక అద్దిన చోట గుర్తు లీలగా కనిపిస్తుంది, అంతే. కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లలో ఉతికి, పెద్ద రాగి పాత్రలో మంజిష్ఠ, చిరువేరు లాంటి వేళ్లు, జాజి ఆకులు వేసి కట్టెల మంట మీద ఉడికిస్తారు. పొడుగాటి కర్రలతో బట్టను తిప్పుతూ ఉంటారు. పటిక ఉన్న చోటల్లా ఎరుపు పట్టి, లేని చోట పట్టకుండా, లేత గుర్తులన్నీ కళ్ల ముందే పూలుగా తేలతాయి. మీరు వెళ్లిన రోజు ఉడుకు ఉంటే అదృష్టం. అందుకే ముందు రోజే ఫోన్ చేసి, రేపు ఉడుకు ఉందా, ఎన్ని గంటలకు అని అడగమంటాను.

పసుపుకు దానిమ్మ తొక్కలు, కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. పచ్చ కావాలంటే నీలం మీద పసుపు. ప్రతి దశకూ మధ్యలో పారే నీళ్లలో ఉతుకు ఉంటుంది. నిలవనీళ్లలో ఉతికితే వదిలిన రంగు పక్కకు అంటుకుంటుంది. కృష్ణా కాలువలు లేకపోతే పెడనలో ఈ పని లేదు. ముసురు పట్టినా, తుపాను వచ్చినా ఆరబెట్టడానికి ఎండ ఉండదు, పని ఆగుతుంది, కూలీ ఆగుతుంది. మా బడిలో ఆ వారాల్లో పిల్లల ఫీజులు ఆలస్యమయ్యేవి. ఏ ఇంట్లో ఏం నడుస్తోందో మాకు వాన చూస్తేనే తెలిసేది.

ఇప్పుడు గుర్తుపట్టడం సంగతి. మీరు ఇది అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కలంకారీ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం రసాయన రంగులతో వేసిన స్క్రీన్ ప్రింట్లే. అవీ మనవాళ్ల చేతిపనే, వాళ్లకూ అదే జీవనం. వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ స్క్రీన్ ప్రింట్‌ను సహజ రంగుల అచ్చు పని అని చెప్పి ఆ ధరకు అమ్మడం తప్పు. నేనే ఒకసారి మోసపోయాను. మా అమ్మాయి నిశ్చితార్థానికి ఓ ఊళ్లో షోరూమ్‌లో నమ్మి కొన్న చీర మొదటి ఉతుక్కే ఎర్రనీళ్లు వదిలి తెల్ల పమిటంతా గులాబీరంగు చేసింది. అంతకంటే బాధ, అది పెడనదని వాళ్లు గట్టిగా చెప్పడం.

బట్టను వెలుగులో పెట్టి ముందు నేల రంగు చూడండి. కరక్కాయ పట్టిన బట్ట పాలమీగడ రంగులో ఉంటుంది, మల్లెపువ్వులా తళతళలాడే తెలుపు ఉండదు. ఎరుపు ఇటుక వైపు, నలుపు కాస్త ముదురు గోధుమ వైపు మొగ్గుతాయి. నెమలికంఠం రంగు, గాఢమైన గులాబీ కనిపిస్తే అనుమానించండి. తర్వాత అంచు పొడవునా వేలితో వెళ్లండి. అచ్చు పనిలో ప్రతి జానెడుకో అతుకు దొరుకుతుంది: ఎక్కడో వెంట్రుకవాసి ఎడం, ఎక్కడో రెండు తీగలు ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి. చీర మొత్తంలో ఒక్క తేడా లేకపోతే అది అచ్చుతో అద్దింది కాదు. ఎరుపు మంజిష్ఠ వేరుదా, అలిజరిన్ అనే రసాయన రంగు పొడిదా అని కూడా అడగండి. చాలామంది ఇప్పుడు అలిజరిన్ వాడుతున్నారు, అడిగితే దాచకుండా చెబుతారు. నిజం చెప్పే మనిషి దగ్గర కొనండి. బేరం మరీ గట్టిగా ఆడకండి, ఆ బట్ట ఎన్నిసార్లు నీళ్లలో మునిగి ఎండలో ఆరిందో మీరే చూసి ఉంటారు కదా. ఫోటోలు తీసే ముందు అడగండి. డిజైన్ల విషయంలో కొందరికి అభ్యంతరం ఉంటుంది, అది సబబే. పాప చేత ఒక చేతి రుమాలు అద్దించమంటే చాలాచోట్ల సంతోషంగా ఒప్పుకుంటారు. దానికి డబ్బు ఇవ్వండి, పని ఆపి చూపిస్తున్నారు.

మధ్యాహ్నం గదికి వచ్చి భోంచేసి అమ్మగారిని పడుకోనివ్వండి. సాయంత్రం లడ్డు దుకాణానికి వెళ్లొచ్చు. బందరు లడ్డును తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండితో జంతికల్లా వేయించి, వాటిని రోట్లో దంచి, జల్లించి, పాకంలో కలిపి, మళ్లీ నెయ్యి పోస్తూ దంచుతారు. అందుకే నోట్లో పెట్టగానే పలుకు తగలకుండా కరుగుతుంది. బెల్లం పాకంతో చేసినది అడిగి తీసుకోండి, నాకు అదే అసలు రుచి. దీనికీ జీఐ గుర్తింపు ఉంది. గోధుమపాలతో చేసే నల్ల హల్వా కూడా కొద్దిగా రుచి చూడండి.

ఆ సాయంత్రం మీకు ఓపిక ఉంటే ఊరి గురించి పాపకు మరో రెండు ముక్కలు చెప్పండి. ఆంధ్రా బ్యాంకు 1923లో పట్టాభి సీతారామయ్యగారు మొదలుపెట్టింది ఇక్కడే. అంతకుముందే, 1910లో కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాలను ఇక్కడ పెట్టారు. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి అక్కడ చిత్రకళ నేర్పారు, అడివి బాపిరాజుగారు ఆ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. చిత్రకళ అంటే ఇష్టమున్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

మూడో రోజుకు రెండు దారులున్నాయి. ఒకటి కూచిపూడి, రెండోది మడ అడవులున్న హంసలదీవి. రెండూ ఒకే రోజు చేద్దామనే ఆశ వద్దు, అమ్మగారి మోకాళ్లు ఒప్పుకోవు. మీ ఇంట్లో నేర్చుకుంటున్న పాప ఉంది కాబట్టి నేనైతే కూచిపూడే ఎంచుకుంటాను. అదెలాగూ తిరుగు ప్రయాణంలో, హైవే మీద పామర్రు దగ్గర పక్కకు తిరిగితే పది కిలోమీటర్లు.

కూచిపూడిలో పెద్ద ఆడిటోరియం, టికెట్టు షో ఉంటాయనుకుని వెళ్తే నిరాశ పడతారు. అది ఊరు. రామలింగేశ్వరస్వామి, బాలాత్రిపురసుందరి గుడి ఉంది, సిద్ధేంద్రయోగి పేరున కళాపీఠం ఉంది. నాట్యాన్నే ఇంటిపనిగా చేసుకున్న కుటుంబాల ఇళ్లున్నాయి. 17వ శతాబ్దంలో గోల్కొండ చివరి సుల్తాను తానీషా ఈ భాగవతుల ఆట చూసి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నారట. మీ పాప జడ పట్టుకుని సత్యభామ ప్రవేశం చేసే రోజు వస్తుంది. ఆ జడ ఈ వీధిలోంచి వచ్చిందని చూపించండి. కళాపీఠంలో సాధన పొద్దున, సాయంత్రం వేళల్లో ఉంటుంది. ముందే ఫోన్ చేసి, మా పాప నేర్చుకుంటోంది, ఓ మూల కూర్చుని చూడొచ్చా అని అనుమతి అడగండి. తట్టుకర్ర దెబ్బకు ఇరవై జతల పాదాలు ఒకేసారి నేలను తాకే చప్పుడు, హైదరాబాద్ అపార్టుమెంటులో నేర్చుకునే పిల్లకు ఎక్కడా దొరకదు.

పక్కనే మొవ్వ. క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడు ఈ ఊరి వేణుగోపాలస్వామే. గుడి చిన్నది, పావుగంట చాలు. పాప గురువుగారు క్షేత్రయ్య పదం నేర్పి ఉంటే అక్కడ ఒక చరణం పాడమనండి, ఎవరూ కాదనరు. జాతీయ జెండా రూపొందించిన పింగళి వెంకయ్యగారు పుట్టిన భట్లపెనుమర్రు కూడా ఈ చుట్టుపక్కలే. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, మ్యూజియం ఉన్నాయి. పురావస్తు మ్యూజియంలకు సాధారణంగా శుక్రవారం సెలవు, మీ మూడో రోజు ఏ వారమో చూసుకోండి. క్రీస్తుశకం 2వ శతాబ్దపు గ్రీకు భూగోళకారుడు టాలమీ రాసిన కంటకొస్సుల ఈ ఊరేనని చరిత్రకారులు అంటారు.

ఇక మడ అడవుల సంగతి. మీరు ప్రకృతి కోసం ప్రత్యేకంగా అడిగారు, కాబట్టి సెలవు ఇంకో రోజు పెంచుకోగలిగితే హంసలదీవి వెళ్లండి. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా దారి. కృష్ణ సముద్రంలో కలిసే చోటు అది. కాకి ఇక్కడ మునిగి హంసగా మారిందని ఊరి కథ. ఊళ్లో వేణుగోపాలస్వామి గుడి దాకా అమ్మగారు హాయిగా రాగలరు. ఆ తర్వాత పాలకాయతిప్ప దాటి సంగమం దాకా ఉన్న ఇసుక దారి మాత్రం ఆమెకు వద్దు. గుడి దగ్గర నీడలో మీ ఆవిడతో కూర్చోబెట్టి మీరు, పాప వెళ్లి రండి.

ఇది అభయారణ్యం. అటవీ శాఖ వాళ్లు అనుమతించే వేళల్లోనే లోపలికి వెళ్లాలి. ఏడెనిమిదేళ్ల కిందట నేను చుట్టాలను తీసుకెళ్లి, ఇంకొంచెం ముందుకు పోనివ్వమని డ్రైవర్‌ను తొందరపెట్టాను. కారు ఇసుకలో దిగబడింది. పోటు ఎక్కుతోంది, చీకటి పడుతోంది, ఫోన్‌కు సిగ్నల్ లేదు. నలుగురు జాలర్లు వచ్చి తాటిమట్టలు చక్రాల కింద వేసి తోశారు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరు పదకొండుకల్లా సంగమం చూసి వెనక్కి వచ్చేయండి. ఆటుపోట్ల వేళ ఊళ్లో ఏ జాలరిని అడిగినా చెబుతారు, వాళ్ల మాటే వినండి.

మడ చెట్లను దగ్గర్నుంచి చూడాలంటే నాగాయలంక వైపు పడవ బాగుంటుంది. లైఫ్ జాకెట్లు లేని పడవ ఎక్కకండి. తెల్లమడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్లు కనిపిస్తాయి. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు అలా పైకొచ్చి ఊపిరి తీసుకుంటుంది. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవనివ్వకండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఈ అడవిలో బావురుపిల్లులున్నాయి. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి అది, రాత్రి తిరుగుతుంది, మీకు కనబడుతుందని ఆశ పెట్టుకోవద్దు. బురద మీద దాని అడుగు కనబడినా సంతోషించండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఈ ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లను కంచె వేసిన చోట పొదిగించి పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అది చూడాలంటే డిసెంబరు కాదు, మార్చిలో మళ్లీ రావాలి.

అవనిగడ్డ దాటేటప్పుడు 1977 నవంబరు 19 గురించి పాపకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆ ఉప్పెనలో దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. నా వయసువాళ్లలో ఆ రాత్రి ఎవరినో ఒకరిని పోగొట్టుకోని ఇల్లు ఇటువైపు అరుదు. అలల దూకుడును తగ్గించేది ఈ మడలేనని అప్పటి నుంచి ఇక్కడి జాలర్లే చెబుతారు. అందుకే అక్కడ ప్లాస్టిక్ సీసా పారేసే యాత్రికుడిని చూస్తే నాకు కోపం ఆగదు. మీ సంచీలో ఓ ఖాళీ కవరు పెట్టుకోండి, మీ చెత్త మీతోనే బందరుకు తెచ్చేయండి.

తీసుకురావాల్సినవి పెద్దగా లేవు. ఉప్పుగాలికి డిసెంబరు తెల్లవారుజామున చలేస్తుంది, అమ్మగారికి శాలువా, చెవులకు మఫ్లరు. పెడన షెడ్లలో నేల తడిగా ఉంటుంది, జారని చెప్పులు. అమ్మగారు కూర్చోవడానికి మడత స్టూలు ఒకటి కారులో వేసుకుంటే అన్నిచోట్లా పనికొస్తుంది.

పాప అద్దిన రుమాలు గురించి చివరిగా ఒక మాట. అది ఉడుకు అయ్యాక కొరియర్‌లో పంపమని షెడ్డువాళ్లకు అడ్రసు ఇచ్చి రండి. లేకపోతే లేత గుర్తులతోనే ఇంటికి చేరుతుంది, ఎరుపు రాదు. అది మీ చేతికి అందాక మొదటిసారి విడిగా, చల్లని నీళ్లలో గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి ఓ అరగంట ఉంచి, పిండకుండా నీడలో ఆరేయండి. సబ్బుపొడి వద్దు, కుంకుడుకాయ రసం చాలు. కొంచెం రంగు వదిలినా కంగారుపడకండి, రెండో ఉతుక్కి ఆగిపోతుంది.